స్టూలు కింద చేతులు

ఆ బడికి గంట ఒకటి ఉండేది గానీ, దానితో పెద్దగా పని పడేది కాదు. మూడో తరగతి గదిలోంచి మైకు టీచరు "పుస్తకాలు తీయండి" అన్నదంటే, పక్క గదిలో ఒకటో తరగతి పిల్లలు కూడా తీసేవాళ్ళు. ఆవిడకు ఆ పేరు పెట్టింది పిల్లలో, పిల్లల తల్లులో ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ మాత్రం ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా పైకి కోపం నటించి, లోపల పొంగిపోయేది. ప్రహరీగోడ అవతల తోపుడుబండివాడు తన కేక ఆపుకుని ఆవిడ ఎక్కం అయ్యేదాకా ఆగేవాడని టీచర్ల గదిలో ఒక కథ చెప్పుకునేవాళ్ళు. అది నిజమో కాదో గానీ, ఎక్కాలు మాత్రం బండివాడికి వచ్చేశాయి.

ఆవిడ పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. పిల్లలు చేతులు కట్టుకోవాలి, కళ్ళు బోర్డు మీద పెట్టాలి, చెవులు ఆవిడకు అప్పగించాలి. మిగతాదంతా గొంతు చూసుకునేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, ఆవిడ లెక్కలో నోరు గట్టిదైతే తరగతి మంచిది. పరీక్షల్లో పిల్లలు బాగానే రాసేవాళ్ళు కాబట్టి, ఆ లెక్క తప్పని ఎవరూ అనలేదు.

ఆ ఏడు బడి తెరిచిన కొన్ని వారాలకే గొంతు బొంగురుపోయింది. వేడినీళ్ళు తాగింది, ఉప్పునీళ్ళు పుక్కిలించింది, ఎవరేది చెబితే అది మింగింది. ఒకరోజు పొద్దున "కూర్చోండి" అనబోతే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. పిల్లలు నిలబడే ఉన్నారు. ఆవిడ చేత్తో సైగ చేసి కూర్చోబెట్టింది.

డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పంపి, ఆవిడ గొంతును తెర మీద ఆవిడకే చూపించాడు. "గడ్డపార పట్టేవాళ్ళ అరచేతులకి కాయలు కాస్తాయి చూశారా, ఇవీ అలాంటివే. మూడు నెలలు మాట్లాడకూడదు. గుసగుస అసలే వద్దు, అది ఇంకా చేటు. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు. మూడు నెలల కంటే ఆ 'చూద్దాం' అన్న మాటకే ఆవిడ ఎక్కువ హడలిపోయింది.

హెడ్మాస్టరు చెడ్డవాడు కాడు. కాకపోతే గోరుచుట్టు మీద రోకటిపోటు వెయ్యడం కూడా ఎంతో మర్యాదగా చేసే మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"మాట లేకుండా మూడో తరగతిని పట్టడం మన వల్ల అయ్యే పని కాదమ్మా. మీరు విశ్రాంతి తీసుకోండి. పిల్లల్ని పక్క సెక్షన్‌లో కలిపేద్దాం. తర్వాత మీకు ఆఫీసులో ఏదో ఒక పని చూస్తాను."

ఒకసారి కలిపిన సెక్షన్ మళ్ళీ విడిపోదని ఆ బడిలో అందరికీ తెలుసు. ఆఫీసులో పనంటే బీరువాల మధ్య కూర్చోవడం. పిల్లలు లేని గదిలో తను ఏమైపోతుందో ఆవిడ ఊహించుకోలేకపోయింది. చేతిలో ఉన్న చిన్న తెల్లబోర్డు మీద "ఒక్క నెల చూడండి" అని రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆ అక్షరాలను, ఆవిడ మొహాన్ని మార్చి మార్చి చూశాడు.

"సరే. నెలాఖరున నేనొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. పాఠం నడుస్తుంటే మీ తరగతి మీదే. లేకపోతే కలిపేస్తాను, మళ్ళీ నన్ను అడగొద్దు."

అసలు మంట ఇంకొకటి ఉంది. ఆ పక్క సెక్షన్ టీచరు ఎవరో కాదు, ఈవిడ తోడికోడలే. ఒకే ఇంట్లో కింద వాటాలో ఈవిడ, పై వాటాలో ఆవిడ. బడిలో అందరూ ఆమెను చిన్న టీచరు అనేవాళ్ళు. కంప్యూటరు శిక్షణలన్నీ పూర్తిచేసి వచ్చిన మనిషి. ఆమె గదిలో పిల్లలు ఫోన్లో తమ చదువు తామే రికార్డు చేసుకుని విని, తప్పులు దిద్దుకునేవాళ్ళు. "హంగు ఎక్కువ, సరుకు తక్కువ" అని మైకు టీచరు ఎన్నోసార్లు వంటింట్లోంచి అంది. ఆవిడ వంటింట్లో అన్నది పై వాటాలో వినపడకుండా ఉండే ప్రశ్నే లేదు.

ఆ సాయంత్రం ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. భర్త టీవీ కట్టేస్తూ, "పెళ్ళయ్యాక వార్తలు చివరిదాకా వినడం ఇదే మొదటిసారి" అన్నాడు. ఆవిడ ఆయన వంక చూసిన చూపుకి గొంతుతో అవసరం లేకపోయింది. ఆయన మెల్లగా లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళాడు.

చిన్న టీచరు మెట్లు దిగి వచ్చింది. "అక్కా, నీ ఫోను ఇలా ఇవ్వు" అని తీసుకుని ఏదో నొక్కి తిరిగి ఇచ్చింది. "ఇందులో నువ్వేది రాస్తే అది పైకి చదువుతుంది. రోజూ వాడే మాటలు బటన్లుగా పెట్టుకోవచ్చు. స్పీకరు నేనిస్తాను."

నా పిల్లలు తన గదిలోకి వెళ్ళబోతుంటే ఈ పిల్ల నాకెందుకు సాయం చేస్తోందని ఆవిడకు అనుమానం వచ్చింది. అయినా వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడని సర్దిచెప్పుకుని, బటన్లు తయారుచేసుకుంది. నిశ్శబ్దం. చేతులు కట్టుకోండి. తప్పు. అర్థమైందా.

ఆ ఫోను గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. రైలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పే గొంతు. మొదటిరోజు పిల్లలు పగలబడి నవ్వారు. రెండో రోజు ఆవలించారు. ఆవిడ వంచిన తల ఎత్తకుండా టైపు చేసేది. "నువ్వు కూర్చో" అని నొక్కేసరికి నిలబడ్డవాడు కూర్చునేవాడు, కూర్చున్నవాడు నిలబడేవాడు, చీవాట్లు ఎవరికో ఎవరికీ తెలిసేది కాదు. పాఠం చెప్పాలంటే ముందురోజే రాసిపెట్టుకోవాలి. రాసింది అది గడగడా చదివేసేది. పిల్లవాడు మధ్యలో ఏదైనా అడిగితే జవాబు టైపయ్యే లోపల వాడు తన ప్రశ్న తానే మర్చిపోయేవాడు. నెలలో సగం ఇలాగే కొట్టుకుపోయింది.

ఒకరోజు విరామంలో ఆవిడ వరండా స్తంభం పక్కన నిలబడింది. మెట్ల మీద తన తరగతి పిల్లలు టీచరాట ఆడుతున్నారు. ఒక పిల్ల చెక్కముక్కను ఫోనులా పట్టుకుని, ముక్కుతో "నిశ్శబ్దం. అర్థమైందా. తప్పు. అర్థమైందా. నిశ్శబ్దం" అంటోంది. మిగతావాళ్ళు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆవిడకు నవ్వు కూడా వచ్చింది. ఇంతలో ఒక పిల్లవాడు లేచి విసుగ్గా అన్నాడు.

"ఈ ఆట పాతదే కదా. ఇదివరకు గట్టిగా అనేవాళ్ళం, ఇప్పుడు ముక్కుతో అంటున్నాం. అంతే."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మూడో తరగతి వెధవ, నోట్లో రెండు పళ్ళు లేవు, ఎంత మాట అన్నాడు. కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు నడిచి చిన్న టీచరు గది ముందు ఆగింది. లోపల చిన్న టీచరు తీగలు చుట్టి పెడుతోంది. ఆవిడ మొహం చూసి, అడగకుండానే బెంచీ మీద చోటిచ్చింది.

"కోప్పడనంటే ఒకటి చెప్తాను అక్కా. నువ్వు ఫోన్ని నీ గొంతు అయిపోమంటున్నావు. అది దానివల్ల కాదు. నేనూ మొదట్లో ఇలాగే చేశాను. బోర్డు మీద రాసేదే తెర మీద పెట్టి కొత్త చదువనుకున్నాను. పిల్లలు మెడలెత్తి చూశారు, ఇంటికెళ్ళి మర్చిపోయారు. మిషన్ వచ్చాక పిల్లలు ఇదివరకు చెయ్యనిది ఏం చేస్తున్నారు అని చూసుకోవాలి. ఏమీ లేకపోతే దాన్ని తీసి బీరువాలో పెట్టడం మంచిది."

ఆవిడ తెల్లబోర్డు మీద గబగబా రాసింది. "నా పిల్లలు నీకు కావాలా?"

చిన్న టీచరు అది చదివింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తర్వాత నవ్వింది. "నా వాళ్ళకే బెంచీలు చాలక చస్తున్నాను. నీ కోతిమూకని కూడా నా నెత్తిన పెట్టి నువ్వు బీరువాల్లో హాయిగా కూర్చుంటావా? అదేం కుదరదు."

ఆ మాటతో ఆవిడ గుండెల మీంచి ఏదో దిగిపోయింది. బోర్డు చెరిపి, "అయితే చెప్పు, ఏం చెయ్యాలి" అని రాసింది.

హెడ్మాస్టరు బీరువాలో ఒక ప్రొజెక్టరు గుడ్డ కప్పుకుని ఏళ్ళుగా నిద్రపోతోంది. దాన్ని తెచ్చి మూడో తరగతి గదిలో పెట్టారు. ఫోను కెమెరాలో కనపడేది తీగ ద్వారా ప్రొజెక్టరులోకి వెళ్ళి గోడ మీద పడాలి, బల్ల మీద చేతులు చేసే పని తరగతంతా చూడాలి, ఇదీ చిన్న టీచరు ఆలోచన. కానీ ఫోను కిందికి చూస్తూ గాలిలో నిలబడాలి కదా. ఆమె తెచ్చిన వంగే స్టాండు ఫోను బరువుకి మెడ వాల్చేసింది. దారాలు కట్టారు, పుస్తకాలు పేర్చారు. ఒకసారి ఫోను జారి చిన్న టీచరు కాలి మీద పడింది.

విసిగిపోయిన మైకు టీచరు కూర్చుందామని మూలనున్న ప్లాస్టిక్ స్టూలు తీసుకుంది. అలాంటి స్టూళ్ళకి మధ్యలో వేలు దూర్చి ఎత్తడానికి ఒక గుండ్రటి కన్నం ఉంటుంది. వేలు అందులో దూర్చి ఎత్తిన ఆవిడ అక్కడే ఆగిపోయింది. స్టూలు నేల మీద పెట్టింది. ఫోన్ని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, కెమెరా కన్ను సరిగ్గా కన్నం మీదకు వచ్చేలా జరిపింది.

గోడ మీద నేల కనపడింది. రోజూ తొక్కే సిమెంటు నేలే. అందులో సన్నటి పగులు ఒకటి గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి ఏరులా పారుతోంది. ఆ పగులు వెంట ఒక చీమ, పిల్లి అంత చీమ, తలమీద ఏదో పెట్టుకుని తాపీగా నడిచి వెళ్ళింది. తోడికోడళ్ళిద్దరూ అది గోడ దాటేదాకా చూశారు.

"స్టూలు అక్కా" అంది చిన్న టీచరు చివరికి. "ఎన్ని శిక్షణలకి వెళ్ళాను, ఒక్కరూ స్టూలు చెప్పలేదు."

ఆ మాటకి మైకు టీచరు చిన్నపిల్లలా మురిసింది. కానీ ఆలోచన వచ్చినంత సులువుగా పనితనం రాలేదు. బొమ్మ తలకిందులుగా పడుతుంటే తిప్పడం, వెలుతురు మెరవకుండా కిటికీ పరదా సగం లాగడం, చెయ్యి కదిలినప్పుడల్లా మసకబారకుండా కెమెరాను స్థిరంగా ఉంచడం, ఇవన్నీ చిన్న టీచరు చేయించింది. చేసి చూపించలేదు, ఆవిడ చేతనే చేయించింది. "ఫోన్లు రాకుండా కూడా ఆపు అక్కా" అని రెండుసార్లు చెప్పింది. ఆవిడ తల ఊపి మర్చిపోయింది.

మర్నాడు పిల్లల ముందు స్టూలు పక్కన నేల మీద కూర్చుని, కాగితం కింద పెట్టి ఆవిడ చెయ్యి లోపలికి చాచింది. గోడ నిండా చెయ్యి వచ్చింది. వేళ్ళు తలుపులంత ఉన్నాయి. గోళ్ళ పక్కన ఎండిన సుద్ద, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ, అన్నీ కనపడుతున్నాయి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి బెత్తంలా చూపిస్తే భయపడ్డారు తప్ప, దానికి ముడతలున్నాయని ఎవరూ గమనించలేదు.

ఆవిడ ఒక కూడిక రాసింది. సరిగ్గా అప్పుడు గోడంతా మారిపోయి, లుంగీ కట్టుకుని మొక్కలకు నీళ్ళు పోస్తున్న ఒక పెద్దమనిషి ఫోటో వచ్చింది. కింద పెద్ద అక్షరాలతో "ఏమండీ" అని ఉంది. ఆయన మోగుతున్నాడు. తరగతి గదిలో ఎవరికి వారే పొట్ట పట్టుకుని దొర్లారు. ఆవిడ గొంతు పోయిందన్న సంగతి మర్చిపోయి అరవబోయి, అరవలేక, తనూ నవ్వేసింది. ఆవిడ భుజాలు ఊగేలా నవ్వడం పిల్లలు చూడటం అదే మొదలు.

ఆ తొట్రుపాటులో కూడిక తప్పు వేసింది. ఒక పిల్ల మెల్లగా, "టీచర్, అక్కడ తప్పు" అంది. అంత పెద్ద మాట అన్నందుకు తానే బెదిరిపోయి నోరు మూసుకుంది. ఇదివరకైతే గొంతు ఆ మాట మీదుగా వెళ్ళిపోయేది. ఇప్పుడు గోడ మీద పెన్సిలు పట్టుకున్న చెయ్యి ఆగింది, అంతే. అది ఆగి ఉండటం చూసి ఇంకొకడు "ఎక్కడ తప్పు?" అన్నాడు. "ఒకట్ల దగ్గర." "కాదు, పదుల దగ్గర." వెనక బెంచీ, ముందు బెంచీతో వాదానికి దిగింది. చేతులు కట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆవిడ నేల మీద కూర్చుని వింటూ ఉండిపోయింది. వీళ్ళు లెక్కల గురించి ఇంత మాట్లాడగలరా అని ఆశ్చర్యపోయింది. ఒకే గదిలో వాళ్ళతో ఉంటూ ఆ సంగతి తనకు తెలియకపోవడం ఇంకా ఆశ్చర్యంగా తోచింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫోను స్టూలు మీద కన్నుగా ఉన్నంతసేపూ చేతిలో నోరుగా ఉండదు. "రెండో ఫోను నేనిస్తాను అక్కా, రెండూ పెట్టుకో" అంది చిన్న టీచరు. ఆవిడ ఆలోచించి వద్దని తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నుంచి పెన్సిలు పిల్లలకు అందించి తను పక్కకు జరగడం నేర్చుకుంది. అది తీగలు కలపడం కంటే కష్టంగా ఉంది. తప్పు చేస్తున్న వేలిని చూస్తూ తన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకోవడం ఎంత కష్టమో టీచర్లకే తెలుస్తుంది.

నెలాఖరు వచ్చింది. హెడ్మాస్టరు చెప్పిన మాట ప్రకారం వచ్చి, వెనక బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన పక్కనే కూర్చునే పిల్ల కాస్త జరిగింది. ఆ పిల్లను టీచర్ల గదిలో అందరూ మూగనోము అనేవాళ్ళు. బడిలో చేరినప్పటి నుంచి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. లెక్కల్లో జవాబులు సరిగ్గా రాస్తుంది గానీ ఎలా వచ్చాయో ఒక్క మెట్టూ రాయదు. పక్కవాళ్ళది చూసి రాస్తోందని మైకు టీచరు నమ్మకం. అందుకే ఆ పిల్ల జవాబుల పక్కన ఎర్ర సిరాతో ఎప్పుడూ ప్రశ్నార్థకం పెట్టేది.

ఆవిడ కాగితం మీద రాసింది. యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేస్తే ఎంత. తరగతి లీడరు ముందుకొచ్చి, స్టూలు కింద చెయ్యి పెట్టి టకటకా వేశాడు. "ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు. అయిదులోంచి మూడు పోతే రెండు. ఇరవై ఆరు" అన్నాడు గర్వంగా. సగం తరగతి అవునంది. హెడ్మాస్టరు మొహం చిట్లించడం ఆవిడకు కనపడింది. తప్పు అని చెప్పడానికి ఫోను చేతిలో లేదు, నోట్లో గొంతు లేదు. తన తరగతి ఇక్కడితో అయిపోయిందనుకుంది. లేచి చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద సరైన లెక్క వేసెయ్యాలని ఒళ్ళంతా లాగింది. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

అప్పుడు మూగనోము లేచింది. హెడ్మాస్టరు మోకాళ్ళు దాటుకుని, బెంచీల మధ్యగా వచ్చి, ఎవరి వంకా చూడకుండా స్టూలు పక్కన చతికిలబడింది. లెక్కల పుల్లల డబ్బా దగ్గరకు లాక్కుంది. అందులో పదేసి పుల్లలకు రబ్బరుబ్యాండు వేసిన కట్టలు, విడి పుల్లలు ఉంటాయి.

గోడ మీదకు రెండు చేతులు వచ్చాయి. చిన్న చేతులు, కొరికేసిన గోళ్ళు, అయినా గోడ పట్టనంత. మూడు కట్టలు పెట్టాయి, పక్కన ఎనిమిది పుల్లలు పెట్టాయి. "ముప్పై ఎనిమిది" అంది ఎవరో పిల్ల. చేతులు కాస్త ఆగాయి. తర్వాత కింది వరసలో, విడిగా, రెండు పుల్లలు పెట్టాయి. "రెండేసింది... అంటే నలభై అయింది" అన్నాడు ఒకడు. చేతులు కింది వరసలోనే ఒక కట్ట పెట్టాయి. "యాభై" అన్నారు నలుగురు. ఇంకో రెండు పుల్లలు. "యాభై రెండు" అంది తరగతంతా.

ఆ చేతులు పై వరసను అసలు ముట్టుకోలేదు. కింది వరసను మాత్రం, గూట్లోంచి గుడ్లు తీసినంత జాగ్రత్తగా ఒకచోట చేర్చాయి. ఒక కట్ట, నాలుగు పుల్లలు. చూపుడువేలు వాటిని ఒకసారి తట్టింది. "పద్నాలుగు" అన్నాడు లీడరు, తన ఇరవై ఆరు సంగతి మర్చిపోయి. "తీసెయ్యలేదురా. అక్కడి నుంచి ఇక్కడికి నడిచింది."

మైకు టీచరు గోడ మీది పుల్లల వంకే చూసింది. తను ఆ పద్ధతి ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల ఆ దారిని తన బుర్రలో తనే వేసుకుని, రోజూ ఒక్కతే దాని మీద నడిచి జవాబు తెచ్చి ఇస్తుంటే, తను ఎర్ర సిరాతో అనుమానం రాసి తిప్పి పంపింది. ఇన్నాళ్ళూ ఈ చేతులు ఎక్కడున్నాయి అని తనను తానే అడిగింది. జవాబు కోసం వెతకక్కర్లేదు. కట్టుకుని ఉన్నాయి. కట్టుకోమన్నది తనే. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, పిల్లలు గోడనే చూస్తున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు.

హెడ్మాస్టరు బయటకు వస్తూ గుమ్మం దగ్గర ఆగాడు. చాలాసేపు చెప్పులు వేసుకున్నాడు. "నేను కూడా లెక్కలే చెప్పానమ్మా ఇన్నేళ్ళు" అన్నాడు. "మీ తరగతి మీదే" అని వెళ్ళిపోయాడు.

తర్వాత నెలల్లో ఆ గదికి ఒక అలవాటు పట్టింది. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు స్టూలు పెడతారు, ఆవిడ ఆ గదికే వదిలేసిన ఫోను పడుకోబెడతారు, పరదా సగం లాగుతారు. తీగ ఎక్కడ గుచ్చాలో అందరికీ తెలుసు. టీచరు ఒక ప్రశ్న రాసి వెనక్కి వెళ్ళిపోతుంది. ఒక చెయ్యి లోపలికి వెళ్తుంది, తరగతి ఆ చేతితో మాట్లాడుతుంది. చిన్న టీచరు కూడా తన గదిలో ఒక స్టూలు పెట్టుకుంది. "అక్కది" అని అందరికీ చెప్పుకుంది. మూగనోము మాత్రం ఇంకా చేతులతోనే చెప్పేది, నోరు విప్పేది కాదు.

డాక్టరు మళ్ళీ గొట్టం వేసి చూశాడు. "కాయలు కరిగిపోయాయి. మాట్లాడండి" అన్నాడు. ఆవిడ "నమస్కారం" అంది. గొంతు వచ్చింది. పాతంత కాకపోయినా, గట్టిదే, నిండుదే. దారంతా ఆవిడ పిల్లలతో అనబోయే మొదటి మాట ఏమిటా అని ఆలోచించుకుంటూ వచ్చింది. పిల్లలు ఎగిరి గంతేస్తారని మనసు ఉరకలేసింది.

గదిలో అప్పటికే పని జరుగుతోంది. గోడ మీద ఒక పిల్లవాడి చెయ్యి, అదే ఆ పళ్ళూడిన వాడిది, పుల్లల కట్టలు అటూ ఇటూ జరుపుతూ తికమకపడుతోంది. చుట్టూ గోల. ఆవిడ గుమ్మంలో నిలబడి, ఊపిరి తీసుకుని, "పిల్లలూ" అంది.

గది ఒక్కసారిగా చచ్చిపోయినట్టయింది. వెనక్కి తిరిగిన మొహాలన్నీ గబుక్కున ముందుకు తిరిగాయి. వరసగా, ఎవరూ చెప్పకుండా, చేతులన్నీ కట్టుకున్నాయి. గోడ మీద ఉన్న చెయ్యి కూడా పుల్లలు వదిలేసి మాయమైంది. వెలుతురు మధ్యలో సగం లెక్క ఒంటరిగా పడి ఉంది.

తన గొంతు ఎంత పని చేస్తుందో ఆవిడ జీవితంలో మొదటిసారి చూసింది. ఒక్క మాటకి ఇంతమంది ఆరిపోయారు. తరగతిని పోగొట్టుకుంటానని గొంతు పోయిన రోజున భయపడింది. గొంతు వచ్చిన ఈ రోజున అంతకు పదింతలు భయమేసింది. ఏదో ఒకటి అనాలి. ఏమన్నా వాళ్ళు వింటారు, అదే కష్టంగా ఉంది.

"ఒక్క నిమిషం టీచర్."

సన్నటి గొంతు. ఎవరిదో ఆవిడకు అర్థం కాలేదు, ఎందుకంటే ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. స్టూలు పక్కన మూగనోము లేచి నిలబడింది. ఆ పిల్ల చేతులు కట్టుకోలేదు. ఒక చేత్తో ఆ పిల్లవాడి మణికట్టు పట్టుకుని, దాన్ని మళ్ళీ వెలుతురులోకి తోసింది.

"వాడిదింకా అవ్వలేదు" అంది.

ఆవిడ సరేనని తల ఊపింది. చప్పుడు కాకుండా బెంచీల మధ్యగా వెళ్ళి చివర్లో కూర్చుంది. గోడ మీదకు చెయ్యి తిరిగి వచ్చింది, కట్టలు జరిపింది, తప్పు చేసింది, ఆగింది. ఎవరూ నవ్వలేదు. "మళ్ళీ ఒకట్ల నుంచి చూడు" అని ఎవరో అన్నారు. చెయ్యి మళ్ళీ మొదలుపెట్టింది. తను మాట్లాడగలనన్న సంగతి ఆవిడకు ఆ తర్వాత మధ్యాహ్నం దాకా గుర్తుకు రాలేదు.